ఒక్క రికార్డు నిలబెట్టిన పాట

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో 1978లో ముగ్గురు పిలకాయలు ఒక పాటల బృందం కట్టుకున్నారు. పేరు యంగ్ మార్బుల్ జెయింట్స్. 1980 ముగిసేసరికి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. వాళ్లు విడుదల చేసిన పూర్తి ఆల్బం ఒకే ఒకటి. ఆ బృందం మీద మా ఐరాల ఆడబిడ్డ తెలుగులో ఈ పుస్తకం రాసింది. అంత కొద్దికాలం పాడి ఆపేసిన వాళ్లకు ఇంత పుస్తకమా అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు జవాబు పుస్తకం నిండా ఉంది. ఆ జవాబును మనసారా ఒప్పుకున్నాను కనుకనే ఈ ముందుమాట సంతోషంగా రాస్తున్నాను.

ఈ సంగీతంతో పరిచయం లేనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1976, 77 సంవత్సరాల్లో లండన్‌లో సెక్స్ పిస్టల్స్ వంటి బృందాలు పంక్ అనే గొడవను లేపాయి. గిటార్ మీద రెండు మూడు పట్లు వస్తే చాలు, కోపం ఉంటే చాలు, ఎవరైనా వేదిక ఎక్కవచ్చునని అవి చాటాయి. 1978 జనవరిలో సెక్స్ పిస్టల్స్ చీలిపోయింది. పాడే హక్కు అందరికీ దక్కిన తర్వాత ఏం పాడాలి అన్న ప్రశ్న మిగిలింది. దానికి ఊరూరా ఒక్కో జవాబు పుట్టింది. మాంచెస్టర్‌లో జాయ్ డివిజన్ చీకటిని పాడింది. లీడ్స్‌లో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ సొమ్మునూ రాజకీయాన్నీ పాడింది. వీటన్నిటినీ కలిపి పోస్ట్-పంక్ అన్నారు. కార్డిఫ్ ఇచ్చిన జవాబు వీటన్నిటికంటే వింతైనది. అందరూ గొంతు పెంచుతున్న కాలంలో ఈ ముగ్గురూ తగ్గించారు.

స్టూవర్ట్ మాక్సమ్ గిటార్, ఆర్గన్ వాయించేవాడు. పాటల్లో ఎక్కువ భాగం అతను రాసినవే. తమ్ముడు ఫిలిప్ మాక్సమ్ బేస్ గిటార్. ఆలిసన్ స్టాటన్ గాత్రం. డ్రమ్ములు వాయించే మనిషే లేడు. ఆ అన్నదమ్ముల బంధువు పీటర్ జాయిస్ చేసిపెట్టిన చిన్న యంత్రం టిక్కుటిక్కుమని లయ చూపించేది. కచేరీల్లో ఆ లయను క్యాసెట్‌లో నింపుకొని వెళ్లి వేసేవాళ్లు. గిటార్ తీగను అరచేత్తో అదిమిపెట్టి, మోత రాకుండా తుంచి తుంచి వాయిస్తాడు స్టూవర్ట్. ఫిలిప్ బేస్ మాత్రం వెనక నిలబడదు, రాగాన్ని తానే మోసుకుపోతుంది. ఆలిసన్ పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్లు పాడుతుంది. గమకం లేదు, సాగదీత లేదు, మెప్పించాలన్న తాపత్రయం లేదు.

నా చెవి ఇందుకు పూర్తిగా ఎదురుదిక్కున పెరిగింది. మా చిత్తూరు సీమ సంగీతంలో చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై పేరు పెద్దది. ఆయన గురువు కాంచీపురం నాయనా పిళ్లై. నాయనా పిళ్లై కచేరీ అంటే ఫుల్ బెంచ్ కచేరీ. మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్, కొన్నక్కోల్ అన్నీ వేదిక నిండా కూర్చుని లయను పండించేవి. లయ అంటే నిండుదనం అని నమ్మిన సంప్రదాయం అది. ఆ నమ్మకంతో విన్నవాళ్లకు కార్డిఫ్ పాట మొదట వెలితిగానే తోస్తుంది. అయితే ఆ వెలితి చేతగాక మిగిల్చింది కాదని, ఎంచుకున్నదని ఈ రచయిత్రి ఒక్కో పాటనూ పట్టుకుని చూపించింది. ఏ వాద్యం ఎక్కడ ఆగింది, ఆ ఆగిన చోట మన చెవి దేనికోసం ఎదురుచూస్తుంది, ఆ ఎదురుచూపులో మాట ఎంత బరువెక్కుతుంది అని రాసిన అధ్యాయం సంగీతం చెప్పేవాళ్లంతా చదవదగ్గది. వాయించని స్వరాన్ని కూడా వినిపించగలిగిన విమర్శ మన భాషలో అరుదు.

‘ఫైనల్ డే’ పాట గురించి ఆమె రాసిన పేజీలు మరీ గొప్పవి. 1980లో అణుయుద్ధ భయం యూరప్ అంతా కమ్ముకుని ఉంది. ఆ చివరి రోజును ఈ బృందం రెండు నిమిషాలైనా లేని పాటలో చెప్పింది. వెనక ఒకే స్వరం ఆగకుండా మోగుతూ ఉంటుంది. ముందు ఆలిసన్ ఏమీ జరగనట్లు పాడుకుంటూ పోతుంది. అరిచి భయపెట్టడం సులభం. నెమ్మదిగా చెప్పి నిద్ర పట్టకుండా చేయడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి మూలం రచయిత్రి చక్కగా పట్టుకుంది. లండన్ తమను చూస్తోందా లేదా అన్న చింత లేకుండా, తమ ఇంట్లో, తమ గొంతుతో పాడుకున్నందువల్ల వచ్చిన ధైర్యం అది.

ఇక వారసత్వం మాట. 1979లో కార్డిఫ్ బృందాలు కొన్ని కలిసి తెచ్చిన ‘ఈజ్ ద వార్ ఓవర్?’ అనే సంకలనంలో వీళ్ల పాటలు చోటు చేసుకున్నాయి. అవి విని లండన్‌లోని రఫ్ ట్రేడ్ కంపెనీ వీళ్లను పిలిచింది. అదీ పెద్ద కంపెనీ కాదు. జెఫ్ ట్రావిస్ 1976లో తెరిచిన పాటల అంగడి నుంచి పుట్టింది. వేల్స్ పల్లెపట్టులోని ఫోయల్ స్టూడియోలో కొద్దిరోజుల్లో రికార్డు చేసిన వాళ్ల ఒకే ఒక్క ఆల్బం ‘కొలాసల్ యూత్’ 1980 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. ఏడాది తిరక్కుండానే బృందం లేదు, రికార్డు మాత్రం ఉంది. అది సముద్రం దాటి అమెరికాలో కర్ట్ కొబేన్ చేతికి చేరింది. నిర్వాణా బృందం పాటతో లోకాన్ని కుదిపిన ఆయన తనకిష్టమైన ఆల్బంల జాబితాలో దీన్ని రాసుకున్నాడు. 1994లో హోల్ బృందం తన ‘లివ్ త్రూ దిస్’లో వీళ్ల పాట ఒకటి పాడింది. 2007లో డొమినో కంపెనీ ఆల్బంను మళ్లీ అచ్చువేసింది.

తెలుగువాళ్లకు ఈ కథ కొత్తది కాకూడదు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు కవులు 1965, 1966, 1968 సంవత్సరాల్లో మూడు సంపుటాలు తెచ్చారు. మొదటిదాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. దిగంబర కవులుగా వాళ్లు కలిసి నడిచింది అంతటితో సరి. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టినప్పుడు వాళ్లలో నలుగురు అందులో ఉన్నారు. వాళ్లది కేక, కార్డిఫ్ వాళ్లది గుసగుస. అయినా రెంటికీ చుట్టరికం ఉంది. చెప్పవలసింది చెప్పాక పేరును పట్టుకుని వేలాడలేదు. తర్వాత వచ్చినవాళ్లకు ఇలా కూడా రాయవచ్చు, ఇలా కూడా పాడవచ్చు అన్న చనువును ఇచ్చిపోయారు. కొద్దికాలపు బృందాలు మిగిల్చే అసలు ఆస్తి ఆ చనువే. మూడు సంపుటాలు అచ్చులో ఉన్నాయి గనుకనే ఆ చనువు మన దాకా అందింది.

ఇక్కడే ఈ పుస్తకం మన ఊరి గుమ్మంలోకి వస్తుంది. మా పక్క పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, అర్జునుడి తపస్సు, దుర్యోధన వధ, చివరికి అగ్నిగుండం. ఆ నాటకాలాడే జట్లు, చెక్కభజన జట్లు, పండరి భజన జట్లు ఎన్ని కట్టుకున్నాయో, ఎన్ని విడిపోయాయో లెక్క రాసినవాళ్లు లేరు. ద్రౌపది వేషం కట్టి జనాన్ని ఏడిపించిన గొంతులు, హార్మోనియం మీద కొత్త వరుసలు కట్టిన చేతులు గాలిలో కలిసిపోయాయి. వాళ్లది కార్డిఫ్ పిలకాయల కంటే తక్కువ కళ కాదు. వాళ్లకు లేనిది రికార్డు ఒక్కటే. చివరి అధ్యాయంలో రచయిత్రి ఈ మాటను నిర్మొహమాటంగా అంది. దూరదేశపు పాటను ప్రేమించడం సొంత ఊరిని మరవడం కాదని, సొంత ఊరిని వినడం నేర్చుకోవడమేనని నిరూపించింది.

చదివేవాళ్లకు నా విన్నపం. ఈ పుస్తకం మూసి ఆ ఆల్బం వినండి. తర్వాత మీ ఊళ్లో పాడే జట్టు దగ్గరికి వెళ్లండి. చేతిలో ఫోన్ ఉంది కదా, మొదటి పద్యం నుంచి మంగళహారతి దాకా పూర్తిగా రికార్డు చేయండి. ఎవరు పాడారు, వరుస ఎవరు కట్టారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది రాసిపెట్టండి. ఆ జట్టు వచ్చే ఏడాది ఉండకపోవచ్చు, దాని పాట ఉండాలి.

ఇంత శ్రద్ధగా విని, ఇంత తేటగా రాసిన ఈ బిడ్డకు నా నిండు దీవెనలు. ఆమె తర్వాతి పుస్తకం మా సీమ జట్ల మీద రావాలని కోరుతున్నాను.

ఐరాల