అంచు, సరిహద్దు, పొలిమేర: టోపలాజికల్ పదార్థాల తెలుగు వివరణలో రూపకాల పరిశీలన

వ్యాససంగ్రహం: లోపల విద్యుద్బంధకంగా, అంచున వాహకంగా ఉండే టోపలాజికల్ పదార్థాలను వివరించడానికి వాడే రూపకాలను, పారిభాషిక పదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రూపకం భౌతికార్థాన్ని ఎంతవరకు మోయగలదన్నదే ఇక్కడి కొలమానం.

కీలక పదాలు: శాస్త్ర తెలుగు, పరిభాష, రూపకం, టోపలాజికల్ బంధకం, అంచు స్థితి.

2016లో డేవిడ్ థౌలెస్, డంకన్ హాల్డేన్, మైకేల్ కోస్టర్లిట్జ్‌లకు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించిన సభలో, నోబెల్ కమిటీ సభ్యుడు థోర్స్ హాన్స్ హాన్సన్ ఒక బన్నును, ఒక రంధ్రమున్న బేగెల్‌ను, రెండు రంధ్రాల ప్రెట్జెల్‌ను చూపి టోపాలజీని వివరించారు. వస్తువును ఎంత వంచినా, సాగదీసినా రంధ్రాల సంఖ్య మారదు. ఒకటిన్నర రంధ్రం ఉండదు. 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ కనుగొన్న క్వాంటం హాల్ ప్రభావంలో, హాల్ నిరోధం సుమారు 25,813 ఓమ్‌లను పూర్ణాంకాలతో భాగించిన మెట్లుగా ఎందుకు నిలుస్తుందో ఊహించడానికి ఈ పోలిక పనికివస్తుంది.

దీన్ని తెలుగులో చెప్పేటప్పుడు బన్ను స్థానంలో ఇడ్లీని, బేగెల్ స్థానంలో గారెను పెడితే చాలుననిపిస్తుంది. మారేది వంటకమే, వివరణ కాదు. ఈ పోలికలో రెండు లోపాలున్నాయి. స్ఫటికంలో నిజంగా రంధ్రమేదీ లేదు. పూర్ణాంకం లెక్కించేది ఎలక్ట్రాన్ తరంగ ప్రమేయాలు ద్రవ్యవేగ ప్రదేశంలో వేసే మెలికలను. అంతకన్నా ముఖ్యమైన లోపం మరొకటి: ఈ పదార్థాల విశేషం వాటి అంచున ఉంటే, గారె అంచున చెప్పుకోదగినదేదీ జరగదు.

అంచున జరిగేదేమిటి? పదార్థం లోపలి శక్తి అంతరం మూసుకుపోనంతవరకు ఆ పూర్ణాంకం మారదు. ఇటు పదార్థంలో అది ఒకటి, అటు శూన్యంలో సున్న. ఒకటి సున్న కావాలంటే నడుమ ఎక్కడో అంతరం మూసుకుపోక తప్పదు. అక్కడే ఎలక్ట్రాన్లకు దారి ఏర్పడుతుంది. అంటే అంచు స్థితికి కారణం అంచులో లేదు, అటూ ఇటూ ఉన్న రెండింటి భేదంలో ఉంది.

ఇక్కడ 'అంచు' అన్న మంచి తెలుగు మాటే మనల్ని పక్కదారి పట్టించవచ్చు. ఆ మాట వినగానే చీర అంచు మనసులో మెదులుతుంది. చీర అంచు వేరే రంగు నూలుతో నేసినది. దాన్ని కత్తిరిస్తే మిగిలిన గుడ్డకు ఆ అంచు ఉండదు. టోపలాజికల్ బంధకం అంచును కోసివేస్తే కొత్తగా ఏర్పడిన అంచే వాహకమవుతుంది. అది పూసిన పూత కాదు, అతికిన పట్టీ కాదు. బెర్నెవిగ్, హ్యూస్, జాంగ్‌లు 2006లో ఊహించి చెప్పగా, 2007లో వుర్ట్స్‌బర్గ్‌లో మోలెన్‌క్యాంప్ బృందం పరీక్షించిన మెర్క్యురీ టెల్యురైడ్ పొర ఇందుకు గట్టి సాక్ష్యం. పొర మందం దాదాపు 6.3 నానోమీటర్లకు తక్కువైతే అది మామూలు బంధకం. ఎక్కువైతే అంచున విద్యుత్తు ప్రవహిస్తుంది. నూలు ఒకటే, అంచు మాత్రం ఒకచోట ఉంది, మరొకచోట లేదు!

ఈ దృష్టితో 'సరిహద్దు', 'పొలిమేర' మెరుగైన మాటలు. రెండు ఊళ్లు లేకుండా పొలిమేర లేదు. స్థితి ఎక్కడుందో చెప్పడానికి 'అంచు', ఎందుకుందో చెప్పడానికి 'సరిహద్దు' వాడితే విద్యార్థికి రెండు ప్రశ్నలూ విడివిడిగా అందుతాయి.

'స్థానీకృత స్థితి' అన్న అనువాదం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1958లో ఫిలిప్ ఆండర్సన్ వివరించిన స్థానీకరణలో ఎలక్ట్రాన్ అపసవ్యత వల్ల ఒకచోట చిక్కుకుపోతుంది, ప్రవాహం ఆగుతుంది. రెండు మితుల టోపలాజికల్ పదార్థంలో అంచు స్థితి లోపలి వైపుకు వేగంగా క్షీణిస్తుంది గాని అంచు పొడవునా సాగుతుంది. ఒకే విశేషణం రెండింటికీ వాడితే, ప్రవహించేది ఆగిపోయిందని చదువరి అనుకుంటాడు. 'అంచునంటిన స్థితి' అనడం నాకు సమంజసంగా తోస్తుంది. గట్టునంటి పారే నీరు గట్టును విడవదు, అలాగని నిలిచిపోదు.

గారెను విడిచిపెడితే దాని స్థానంలో ఏది? 1979లో సు, ష్రీఫర్, హీగర్‌లు పాలీఎసిటిలీన్ గొలుసుకు ఇచ్చిన నమూనా నేరుగా ఉపయోగపడుతుంది. ఎనిమిదిమంది పిల్లలు వరుసగా నిలబడి ఇద్దరిద్దరుగా చేతులు కలిపారనుకుందాం. ఒకటి-రెండు, మూడు-నాలుగు అంటూ కలిపితే అందరికీ జంట ఉంటుంది. రెండు-మూడు, నాలుగు-అయిదు, ఆరు-ఏడు కలిస్తే మొదటి పిల్లవాడు, చివరివాడు ఒంటరులవుతారు. వరుస మధ్యలో చూసేవారికి రెండు అమరికలూ ఒకేలా ఉంటాయి. తేడా కొసల్లోనే బయటపడుతుంది. చేతులు కలిసిన చోట వరుసను విడదీస్తే అక్కడ మరో ఇద్దరు ఒంటరులవుతారు. లోపలి అమరికకూ కొసకూ ఉన్న ఈ లంకెను గారె చూపలేదు.

ఈ పోలికకూ హద్దుంది. ఒంటరి ఎలక్ట్రాన్ శక్తి సరిగ్గా అంతరం నడుమ ఎందుకు నిలుస్తుందో ఇది చెప్పదు. అందుకు గొలుసులోని సౌష్ఠవాన్ని వేరుగా వివరించాలి. అయితే ఆ ప్రశ్న అడగడానికి కావలసిన ఆ ఒంటరి పిల్లవాడు ఇప్పటికే విద్యార్థి కళ్లెదుట ఉన్నాడు.