అట్ట చిరిగితే కనిపిస్తుంది, ఫైలు పోతే కనిపించదు

సోలాపూర్ తూర్పు భాగంలో, తెలుగు పద్మశాలీల ఇళ్లూ మగ్గాలూ కలిసే ఉండే పేటల్లో, చద్దర్ మీది పువ్వు నిన్నమొన్నటి దాకా జకార్డ్ అట్టల్లోనే దాగి ఉండేది. 1804 నాటి ఈ ఫ్రెంచి పద్ధతిలో ఒక్కో అట్ట ఒక్కో పేకకు లెక్క. చిల్లు ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది, లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. అట్ట చిరిగితే ఆ ఒక్కదానికే మళ్లీ చిల్లులు కొట్టించి, దారంతో వరుసలో కుట్టేస్తే సరిపోయేది. ఎలక్ట్రానిక్ జకార్డ్ వాడేచోట ఆ అట్టల కట్టంతా ఒక ఫైలైంది. పని తేలికైంది గానీ, డిస్క్ చెడితే నమూనాలన్నీ ఒక్కసారే, చప్పుడు లేకుండా పోతాయి.

ఈ ఫైళ్లున్న కంప్యూటర్ విండోస్ 10తో నడుస్తుంటే ఇంకో చిక్కుంది: 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం పాత విండోస్‌ను ఉంచుకుని, ఇంటర్నెట్ పనులకు పక్కనే లినక్స్ వేసుకోవడం మంచి దారే. కానీ లినక్స్‌కు చోటు కావాలంటే, మామూలుగా డేటా ఉన్న పార్టిషన్‌నే కుదించాలి. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ మొత్తం చెరిపే ఎంపికను పొరపాటున నొక్కినా ఏళ్ల పని తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుకే ముందు బ్యాకప్, తర్వాతే లినక్స్. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కూడా కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

‘డి డ్రైవ్‌లో కాపీ ఉంది కదా’ అంటారు. చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని అరలు. బీరువా కాలితే ఏ అరలోని చీరా మిగలదు. ‘క్లౌడ్ డ్రైవ్‌లోకి సింక్ అవుతోంది’ అన్నదీ పూర్తి భరోసా కాదు, ఇక్కడ చెరిగిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. ‘నేసిన చద్దర్ ఉందిగా, చూసి మళ్లీ గీస్తాం’ అనే మాటలో కొంత నిజముంది. అయితే బట్ట పువ్వును చూపిస్తుందే తప్ప లెక్క చెప్పదు, ఏ పేకకు ఏ పోగు లేచిందో భూతద్దం పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాల్సిందే. అలా లెక్కపెట్టడానికి పట్టే రోజుల కూలితో పోలిస్తే బయటి హార్డ్‌డిస్క్ ఖర్చు చిన్నది.

కాపీ తీశాక ఇంకో కంప్యూటర్‌లో రెండు మూడు నమూనాలు తెరిచి, రంగులూ పోగుల లెక్కా సరిచూడాలి. హార్డ్‌డిస్క్‌ను ఊడదీసి వేరే ఇంట్లో దాచాలి. లినక్స్ పెన్‌డ్రైవ్ గుచ్చాల్సింది ఆ తర్వాతే.