గోదారి నుంచి ఎన్ని బిందెలు?

మొగల్తూరులో మా అరుగు మీద కూర్చుని సాయంత్రాలు కాయితాలు నింపిపెడుతుంటాను. పింఛను దరఖాస్తులు, బ్యాంకు ఫారాలు. రిటైరయ్యాక మొదలుపెట్టిన పని ఇది. మొదట్లో "ఒక్కో కాయితానికీ ఎంత తీసుకుంటారండీ?" అని అడిగేవారు. ఏమీ తీసుకోనన్నాక అనుమానం ఇంకా పెరిగింది. "పంచాయితీ ఎలక్షన్లలో నిలబడతారంటగా పిన్నిగారూ" అని ఎదురింటి కుర్రాడు ముఖం మీదే అడిగేశాడు. కందుకూరి వీరేశలింగంగారి 'స్వీయచరిత్రము' మళ్లీ చేతిలోకి తీసుకున్నది ఆ రోజుల్లోనే. ఈసారి అందులో నేను వెతికింది ఆయన్ని కాదు, రాజ్యలక్ష్మమ్మగారిని.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగింది. వెలి వేశారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ తనే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి వంట చేసింది. అప్పటికావిడకి ముప్పయ్యేళ్లు. సంస్కరణ చరిత్రల్లో ఇదంతా ఒక్క వాక్యంలో అయిపోతుంది. రేవు మెట్లు దిగడం, నిండు బిందె చంకనెత్తుకుని మళ్లీ ఎక్కడం, దారిలో అరుగుల మీది చూపులు. ఇవేవీ ఆ వాక్యంలో పట్టవు. అసలు ఒక పెళ్లింటికి ఎన్ని బిందెల నీళ్లు కావాలో లెక్కవేసిన చరిత్రకారుడెవరైనా ఉన్నాడా?

భార్య చేసిన సాయాన్ని వీరేశలింగంగారు దాచుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పుస్తకంలో చోటు దేనికి దక్కిందో చూడండి. సభలకి, వాదాలకి, ఉత్తరాలకి. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారి విరాళం ఉద్యమం పద్దు కిందికి వస్తుంది, బిందెలు ఇంటి సంగతి కిందికి పోతాయి. పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లలో కొందరు ఆ తర్వాత డబ్బు దగ్గర ఆయనతోనే పేచీకి దిగారు. అందుకు ఆయన నొచ్చుకున్నారు, రాసుకున్నారు. వాళ్లకి అన్నం వండి వడ్డించినావిడకి నొప్పి కలిగితే రాసుకునే చోటేదీ?

అదే కాలంలో, గోదావరికి ఇంకో పాయ ఒడ్డున, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) దారినపోయేవాళ్లకి అన్నం పెట్టారు. ఊరూవాడా అపర అన్నపూర్ణ అంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. సంతోషమే. సీతమ్మగారి చెయ్యి చిన్నదని నేననను. కానీ ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది గరిటే కదా! ఆకలితో వచ్చిన బాటసారికి పెడితే అది ఇల్లాలి ధర్మం. మళ్లీ పెళ్లాడిన వితంతువుకి పెడితే వెలి. సేవ ఎంత గొప్పదన్నది చేసిన కష్టాన్ని బట్టి కాదు, విస్తరి ముందు కూర్చున్నదెవరన్న దాన్ని బట్టి తేలింది.

ఆవిడ తృప్తిగా బతికిందని చాలామంది రాస్తారు. నాకు ఆ మాట దగ్గరే పేచీ. ఆడదాని చాకిరీకి మనవాళ్లు ఎప్పుడూ చెల్లించే కూలి అదే కదా, తృప్తి! పోనీ ఆ మాటే కొట్టేద్దామా అంటే అదీ చేతకావడం లేదు. ఫారం నింపి, వేలిముద్ర వేయించి, ఆ ముసలావిడ మెట్లు దిగి వెళ్తుంటే నాకు కలిగేదేమిటి మరి? దానికి వేరే పేరు దొరకలేదు. రాజ్యలక్ష్మమ్మకీ కలిగే ఉంటుందని నా ఊహ. అయితే అది ఆవిడ చెప్పుకోవలసిన మాట, ఆవిడ తరఫున మనం చెప్పేది కాదు.

మరియా మీస్ 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' రాసింది మా వైపు ఆడవాళ్ల గురించే. రోజంతా లేసు అల్లేవాళ్లని తీరిక వేళ కాలక్షేపం చేసుకునే గృహిణులుగా లెక్కగట్టారని ఆవిడ వాదం. మొన్న ఒకావిడ బ్యాంకు ఫారం తెచ్చింది. వృత్తి అన్న చోట ఏం రాయమంటావన్నాను.

"ఏవుందండీ, ఖాళీగానే ఉంటాను" అంది, చేతిలో సూది ఆపకుండానే.

లేసు పని అని రాశాను. చదివి వినిపిస్తే కంగారుపడింది. "అలా రాస్తే పింఛను తీసేస్తారేమోనండీ?"

తియ్యరని చెప్పాను. ఆవిడ పూర్తిగా నమ్మలేదు. వెళ్తూ వెళ్తూ, ఇంతకీ మీరేమన్నా ఆఫీసు తరఫు మనిషాండీ అని అడిగింది.