పగటి వెలుతురులో పుట్టిన పిశాచి

1922 మార్చి 4న బెర్లిన్ జంతుప్రదర్శనశాల ఆవరణలోని పాలరాతి మందిరంలో ‘నోస్ఫెరాటు’ అనే మూకీ సినిమా జర్మనీలో తొలిసారి ప్రదర్శితమైంది. దర్శకుడు ఎఫ్. డబ్ల్యూ. మూర్నౌ. ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్ 1897లో ఇంగ్లిష్‌లో రాసిన ‘డ్రాకులా’ నవలే దానికి మూలం. ప్రానా-ఫిల్మ్ సంస్థ హక్కులు కొనకుండానే సినిమా తీసేసింది. స్క్రీన్‌ప్లే రాసిన హెన్రిక్ గాలీన్ పేర్లు మార్చాడు. డ్రాకులా ఓర్లాక్ ప్రభువయ్యాడు, మీనా ఎలెన్ అయింది, లండన్ స్థానంలో విస్‌బోర్గ్ అనే జర్మన్ రేవు పట్టణం వచ్చింది.

స్టోకర్ నవల ఉత్తరాలు, డైరీల రూపంలో నడుస్తుంది. పాత్రలు తమ భయాన్ని తామే రాసుకుంటాయి. మాటలు లేని సినిమాకి ఆ సౌకర్యం లేదు. భయం కంటికి కనబడాలి. అందుకోసం మూర్నౌ ఎంచుకున్న పద్ధతులే ఈ సినిమాకి ప్రాణం.

అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ‘డాక్టర్ కాలిగరీ’ సినిమాలో ఇళ్లూ వీధులూ అన్నీ గుడ్డల మీద వంకరటింకరగా గీసిన బొమ్మలే. జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు సినిమా అంటే అదే అనుకుంటున్న రోజుల్లో మూర్నౌ కెమెరాని ఆరుబయటికి తీసుకెళ్లాడు. విస్మార్ వీధులు, ల్యూబెక్‌లోని పాత ఉప్పు గిడ్డంగులు, స్లొవాకియాలోని ఓరవా కోట, టాట్రా కొండలు అన్నీ అసలువే. నిజమైన గాలీ సముద్రమూ కొండలూ ఉన్న లోకంలోకే పిశాచి వచ్చిపడింది. అందుకే ఆ భయం గీసిన బొమ్మల మధ్య పుట్టే భయం కన్నా లోతుగా దిగుతుంది.

కథానాయకుడు హుట్టర్‌ని ఓర్లాక్ కోటకు తీసుకెళ్లే గుర్రబ్బండి దృశ్యం చూడండి. ఫ్రేము ఫ్రేముగా ఆపి ఆపి తీయడంతో బండి కుదుపులతో, ఏ బండీ పోలేనంత వేగంగా దూసుకొస్తుంది. అడవిలోకి వెళ్లగానే మూర్నౌ నెగటివ్‌నే తెరమీద చూపిస్తాడు. చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగా మారిపోతాయి. అడవి అదే, లోకం మాత్రం తలకిందులైంది.

ఎడిటింగ్‌లో అతని నేర్పు ఇంకా సూక్ష్మమైనది. కోటలో ఓర్లాక్ హుట్టర్ మీదికి వస్తుంటాడు. ఎంతో దూరాన విస్‌బోర్గ్‌లో హుట్టర్ భార్య ఎలెన్ నిద్రలో లేచి చేతులు చాస్తుంది. వెంటనే కోటలో ఓర్లాక్ తల తిప్పి చూస్తాడు, పిలుపు విన్నట్టే. ఆ ఇద్దరూ ఒకే ఫ్రేములో లేరు. రెండు షాట్లని పక్కపక్కన అతికించడంతోనే వాళ్ల మధ్య బంధం ఏర్పడింది. చివర్లో మెట్లెక్కి వచ్చేది ఓర్లాక్ కాదు, అతని నీడ. ఎలెన్ గుండెను పిడికిట బిగించేదీ నీడ చెయ్యే.

రంగులది మరో పాత్ర. ఆనాటి ఫిల్ము రాత్రి వెలుతురుకి సరిపోయేది కాదు. ఆరుబయటి రాత్రి దృశ్యాలని పగలే తీసి, ప్రింటుకి నీలిరంగు అద్దేవారు. ఆ రంగు లేని కాపీ చూస్తే, శవపేటిక చంకన పెట్టుకుని ఓర్లాక్ మిట్టమధ్యాహ్నం తిరుగుతున్నట్టు ఉంటుంది. సూర్యోదయంతో అతను పొగగా మాయమయ్యే ముగింపు కూడా దెబ్బతింటుంది. నిజానికి ఆ ముగింపు నవలలో లేదు. స్టోకర్ డ్రాకులా పగలు కూడా తిరగగలడు, చివరికి కత్తిపోట్లతో చస్తాడు. ఎండకి పిశాచి చస్తుందనే నమ్మకం తర్వాతి సినిమాల్లో పాతుకుపోవడానికి ‘నోస్ఫెరాటు’యే నాంది.

స్టోకర్ భార్య ఫ్లారెన్స్ కోర్టుకెక్కింది. ప్రానా-ఫిల్మ్ దివాలా తీసింది. కాపీలన్నీ నాశనం చేయాలని 1925లో తీర్పు వచ్చింది. రచయిత కుటుంబానికి జరిగింది అన్యాయమే, ఆమె పోరాటం న్యాయమైనదే. అయినా కొన్ని ప్రింట్లు వేరే దేశాల్లో మిగిలాయి. వాటి ఆధారంగా పునరుద్ధరించిన, రంగులద్దిన ప్రతి ఇవాళ అందుబాటులో ఉంది. తొలిసారి చూసేవాళ్లు రంగులు లేని పాత కాపీలను పక్కనపెట్టి దాన్నే ఎంచుకోవాలి. మూర్నౌ రాత్రికీ పగటికీ మధ్య గీసిన గీత అందులోనే కనిపిస్తుంది.