పంటికి కాపలా

శ్రీశైలం సత్రంలో పడుకున్న రాత్రి, నేను పళ్లు కొరికే చప్పుడుకు అమ్మ లేచి కూర్చుంది. "ఏం నాయనా, రాళ్లు నములుతాండావా?" అంది.

కర్నూలు వెళ్లి, రాత్రిపూట పళ్లకు తొడుక్కునే నైట్‌గార్డ్ చేయించుకున్నాను. దాన్ని చేసిన ల్యాబ్ టెక్నీషియన్ చేతులకు దండం పెట్టాలి. నా పళ్ల అచ్చులో డెంటల్ స్టోన్ పోసి, ఆ నమూనా మీదికి వేడికి మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటును వాక్యూమ్‌తో లాగి, చిగుళ్లకు గుచ్చుకోకుండా అంచులు అరగదీశాడు. మందం 2, 3 మిల్లీమీటర్లే. ఆపైన డాక్టరమ్మ రంగు కాగితం కొరికించి, ఎక్కువ తగిలినచోట గీకి సరిచేసింది. కొరకడం ఆగదు, అరుగుదల మాత్రం పళ్లకు బదులు నైట్‌గార్డ్ మీద పడుతుంది. ఒకసారి అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు కదా!

మొన్న శివరాత్రికి మళ్లీ కొండెక్కాం. పొద్దున నైట్‌గార్డ్‌ను చన్నీళ్లతో కడుగుతుంటే అమ్మ చేతిలోకి తీసుకుని, పంటి గుర్తులను వేలితో తడిమి చూసింది.