రామదాసు సంజాయిషీ

శ్రీరామనవమికి తాండూరులో మా వీధి భజనలో 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన తప్పకుండా ఉంటుంది. అది మా చిన్నాయనే పాడతాడు. గొంతు గొప్పదేం కాదు, కానీ ఆ పాట ఆయనదే అని అందరూ ఒప్పేసుకున్నారు. చిన్నప్పుడు దాన్ని భక్తి పాటగానే విన్నాను. 2011 తర్వాత అలా వినడం నా వల్ల కావడం లేదు. ఉద్యోగంలో ఆరోపణ ఎదుర్కొంటున్న ఒక మనిషి ఇచ్చుకున్న సంజాయిషీలాగా వినబడుతోంది. తెలుగులో ఇంతకంటే పేరున్న సంజాయిషీ ఇంకోటి లేదేమో. పాటగా అదెంత గొప్పదో, సంజాయిషీగా అంత ప్రమాదం.

కథ తెలిసిందే. కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో గోల్కొండ తానీషా కొలువులో పాల్వంచ తహసీల్దారు. ఖజానాకు చేరాల్సిన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని అభియోగం. పన్నెండేళ్లు ఖైదు. ఆ కొట్టు ఇదేనని గోల్కొండ కోటలో ఇప్పటికీ చూపిస్తారు. నాగయ్య తీసిన 1964 'రామదాసు' చూసినవాళ్లకీ, 2006లో 'శ్రీరామదాసు' చూసిన మాలాంటి వాళ్లకీ గుర్తుండేది చెరసాల, దెబ్బలు, పాట. అసలు విచారణ జరిగిందా, లెక్కలు ఎవరు తీశారు, గోపన్నని ఏమైనా అడిగారా అన్నది మనకి పట్టదు. తానీషాకి ఓ పక్షం ఉంటుందని కూడా పట్టదు. ఖజానా డబ్బు అనుమతి లేకుండా ఖర్చయితే ఏ సర్కారైనా అడుగుతుంది కదా.

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. అందులో ముందు వచ్చేది పద్దుల పుస్తకం. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుడి మొలతాడుకి ఇంత, లక్ష్మణుడికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత. ఓసారి వరహాల్లో, ఓసారి మొహరీల్లో. నేను విన్న పాఠంలో ప్రతి పద్దూ పదివేలే! ఏ ఆడిటరూ దీన్ని ఒప్పుకోడు. కానీ కవిగా గోపన్న చేసిన పని అక్కడే ఉంది. అంకె మారకుండా తిరిగి తిరిగి రావడం వల్ల అది లెక్కలా కాక, చెరసాలలో మనిషి మనసులో గిర్రున తిరిగే మాటలా మారిపోతుంది. రాముడి కలికితురాయి దగ్గరికొచ్చేసరికి అంకె మాయమై కోపం వస్తుంది. ఎవరి సొమ్మని ఇంత కులాసాగా తిరుగుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. ఆ వెంటనే జంకు. దెబ్బలకు తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలతాడు.

లెక్క, కోపం, క్షమాపణ. ఈ మూడింటి వరస చూడండి. లెక్కతో నేరం ఒప్పుకున్నాడు, కోపంతో ఇంకో నేరం చేశాడు, క్షమాపణతో రెండూ ఖాయం చేశాడు. పైగా కాగితం చేరాల్సింది తానీషాకి, చేరింది రాముడికి. కీర్తనకి అదే బలం, ఒప్పుకుంటాను. మనకి కాగితం రాయాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే వరస చేతికి వస్తుందే, నా బాధ దాని గురించి.

మా చిన్నాయన తాండూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంటా మీద క్లర్కు. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఓ తూకం, సరుకుతో పోయేటప్పుడు ఇంకో తూకం. 2011 ఎండాకాలంలో ఆయనకో చార్జిషీటు వచ్చింది. ఏడు తేదీలు, ఏడు లారీ నంబర్లు, ఖాళీ తూకంలో తేడాలు. ఒకటిన్నర పేజీ ఇంగ్లీషు. మూడు రోజుల్లో జవాబివ్వాలి. కాఫ్కా 'ది ట్రయల్'లో జోసెఫ్ కె.కి నేరమేంటో చివరిదాకా చెప్పరు. మావైపు ఆ ఇబ్బంది లేదు. నేరమేంటో చెప్తారు, మనకి రాని భాషలో చెప్తారు.

నేనప్పుడు వికారాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు నేనే. చిన్నాయన పొద్దున బండికి వచ్చి, స్టేషన్ బయట టీ బండి దగ్గర మడతపెట్టిన కాగితాలు నా చేతిలో పెట్టాడు. జవాబు తెలుగులో తనే రాసుకొచ్చాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసు, ఇద్దరు ఆడపిల్లలు, ఒంట్లో షుగరు. చివర్న, తన వల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే పెద్ద మనసుతో క్షమించమని. "తూకాల సంగతేం రాయలేదేంది చిన్నాయనా?" అన్నాను. "ఎదురు రాస్తె ఇంక కోపం చేస్తరు బిడ్డా. మంచిగ అడుగుదాం" అన్నాడు.

ఆ కాగితాన్ని ఇంగ్లీషు చేసింది నేను. 'జరిగి ఉంటే' అన్నదాన్ని 'జరిగిన' అని మార్చేశాను. చేతకాక కాదు, వాక్యం నున్నగా ఉంటుందని. ఎంక్వయిరీ ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. నేరం రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు కాబట్టి సాక్షులు అక్కర్లేదన్నారు. లారీ డ్రైవర్లని పిలవలేదు, కాంటా రిజిస్టరు చూపించలేదు. నెలాఖరుకి ఉద్యోగం పోయింది. ఆయన లేబర్ కోర్టుకి పోలేదు. పోవచ్చని మాకెవరికీ తెలియదు. అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11ఏ అనే సెక్షన్ ఉంది. డిస్మిస్ చేయడం న్యాయం కాదనిపిస్తే లేబర్ కోర్టు దాన్ని కొట్టేయొచ్చు, లేదా శిక్ష తగ్గించొచ్చు.

ఆ తర్వాత కొన్నేళ్లు నేను కథలతో పాటు తీర్పులు కూడా చదివాను. వాటిలోనూ కథలున్నాయి. 1977 నాటి రతన్ సింగ్ కేసు బస్ కండక్టర్ది, హర్యానాలో. తనిఖీలో టికెట్ లేనివాళ్లు పదకొండు మంది దొరికారు, కానీ ఆ ప్రయాణికుల వాంగ్మూలం తీసుకోలేదు. అయినా సుప్రీంకోర్టు శిక్షని నిలబెట్టింది. ఆఫీసు విచారణలో సాక్ష్యాధారాల చట్టం అంత కచ్చితంగా వర్తించదు, నమ్మదగ్గ ఆధారం కొంతైనా ఉంటే చాలు అంది. రాసింది పేదల పక్షం అని పేరున్న కృష్ణయ్యర్. నిజం ఎలాగూ బయటపడుతుందిలే అనుకునేవాళ్లు చదవాల్సిన తీర్పు అది. ఇంత తక్కువ ఆధారంతో ఉద్యోగం పోగలదు కాబట్టే, మొదటి జవాబులో ఏం రాశామన్నది అంత ముఖ్యం. అభియోగాల్ని ఒక్కొక్కటిగా కాదనాలి, కాగితాలు చూపించమని అడగాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వమనాలి. తోడుగా ఇంకో ఉద్యోగిని అనుమతించమని అడగాలి. అన్నీ రాతలోనే.

ఇంకో తీర్పు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌ది. కరుణాకర్ కేసు, 1993. విచారణాధికారి ఇచ్చిన రిపోర్టు కాపీని, శిక్ష గురించి నిర్ణయించకముందే ఉద్యోగికి ఇచ్చి తీరాలన్నారు, ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు అయినా. ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతటదే రద్దవదు, దానివల్ల నష్టం జరిగిందా అని కోర్టు చూస్తుంది. మా చిన్నాయన తన రిపోర్టు ఈ రోజుకీ చూడలేదు. సస్పెన్షన్లో ఉన్న కార్మికుడికి మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం అతని వల్ల కాకపోతే ఆ తర్వాత ముప్పావు జీతం ఇవ్వాలన్న లెక్క 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టంలో చేరింది, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకీ వచ్చింది. ఆ నెలంతా మా పిన్ని చిట్టీ ఎత్తి ఇల్లు నడిపింది.

ఇదంతా ఒంటరి మనిషి సంగతి. వేలమందికి ఒకేసారి జరిగితే ఎలా ఉంటుందో 2019లో చూశాం. అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. వికారాబాద్, తాండూరు డిపోలతో సహా రాష్ట్రమంతా దాదాపు 48 వేల మంది. గడువులోగా రానివాళ్లు 'సెల్ఫ్ డిస్మిస్' అయినట్టేనని ముఖ్యమంత్రి అన్నారు. ఆ మాటని ఒక్క నిమిషం వ్యాకరణంగా చూడండి. డిస్మిస్ చేయడానికి చేసేవాడు ఒకడుండాలి, అతను కారణం చెప్పాలి, అవతలివాళ్ల మాట వినాలి. 'సెల్ఫ్' అన్న ఒక్క ముక్కతో కర్త తప్పుకున్నాడు. చార్జిషీటు లేదు, సంజాయిషీ లేదు. 52 రోజుల తర్వాత సమ్మె ఆగింది, వాళ్లని మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. మాట మాత్రం మిగిలింది.

గచ్చిబౌలి వైపు దీన్ని ఇంకా మర్యాదగా చేస్తారు. హెచ్ఆర్ మనిషి కాఫీ ఇచ్చి, 'మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఉంటుంది' అంటాడు. నా స్నేహితుడొకడు ఆ గదిలో ఇరవై నిమిషాల్లో సంతకం పెట్టి వచ్చాడు. ఆరోపణ ఏంటో మెయిల్లో పంపమని అడగలేదేంరా అంటే, "గొడవ ఎందుకని" అన్నాడు. మా చిన్నాయన మాటకీ వీడి మాటకీ ఎంత దూరం ఉందంటారు?

హక్కులు అనగానే ఆరోపణలన్నీ అబద్ధాలని నేను అంటున్నానని అనుకోవద్దు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద కమిటీ రిపోర్టు ఇద్దరికీ ఇవ్వాలి, ఫిర్యాదు చేసిన మనిషికీ, ఎదుర్కొంటున్న మనిషికీ. విచారణ హడావిడిగా ముగిస్తే తర్వాత కోర్టులో పడిపోయేది ఫిర్యాదు చేసినామె కష్టమే.

రామదాసు కథ ముగింపు నాకిప్పుడు వేరేగా కనిపిస్తుంది. రాముడూ లక్ష్మణుడూ రాత్రి పూట తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షలు కట్టారు. అందరం అక్కడ చేతులు జోడిస్తాం. ఆ తర్వాత వాళ్లు చేసిన పనిని మాత్రం హరికథల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. రశీదు అడిగి తీసుకున్నారు. దేవుడు కూడా! కథలో గోపన్న విడుదలకి ఆ కాగితమే ఆధారం.

కిందటేడు నవమికి ఇంటికి పోయినప్పుడు ఆ చార్జిషీటు ఉందా అని అడిగాను. చిన్నాయన ఏం మాట్లాడకుండా బీరువాలోంచి తీసిచ్చాడు, నా ఇంగ్లీషు జవాబు కాపీ కూడా దానికే పిన్ను చేసి ఉంది. నోటీసులో తేదీలున్నాయి, వారాలు లేవు. ఫోన్లో 2011 క్యాలెండర్ తీసి ఒక్కో తేదీ చూసుకుంటూ పోయాను. ఏడింటిలో రెండు బుధవారాలు. బుధవారం ఆయనకు వీక్లీ ఆఫ్.