తలుపు గడియ ముందే తీయాలి

ముప్కాల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే, ఆర్మూర్ దాటాక జక్రాన్‌పల్లి ఉంది. అక్కడ విమానాశ్రయం వస్తుందని మా నిజామాబాద్ జిల్లాలో ఏళ్లుగా వింటున్నాం. అది వచ్చినప్పుడు వస్తుంది. ఈలోగా ఒక కాగితాన్ని పరిచయం చేస్తాను. చిన్న విమానం నేల విడిచిన మరుక్షణం ఇంజిను ఆగిపోతే ఏం చేయాలో సెస్నా 172ఎస్ పైలట్ పుస్తకంలో రాసి ఉంటుంది. పట్టుమని పది పంక్తులు లేవు. పనితనమంటే అదీ!

మొదటి పంక్తి వేగం గురించి: 70 నాట్లు, అంటే గంటకు దాదాపు 130 కిలోమీటర్లు. పైకెక్కుతున్న విమానం ముక్కు ఎత్తుకొని ఉంటుంది. ఇంజిను ఆగిందా, వేగం ఇట్టే పడిపోతుంది. నేల దగ్గరున్నా సరే, వెంటనే ముక్కు దించాలి. భయం మాత్రం ఎత్తమంటుంది, వెనక్కి తిరిగి రన్‌వే అందుకోమంటుంది. ఆ మలుపులోనే ఉన్న కాస్త ఎత్తూ కరిగి, రెక్కలు పట్టు తప్పి ఎందరో పోయారు. అందుకే ఎదురుగా ఉన్న నేల మీదే దిగమంటుంది కాగితం.

తర్వాత ఇంధనం ఆపాలి, మాగ్నెటోలు ఆపాలి. మాగ్నెటోకి బ్యాటరీతో పని లేదు, తన నిప్పురవ్వ తనే పుట్టించుకుంటుంది. కాబట్టి దాన్ని విడిగా ఆపాల్సిందే. ఆ పైన రెక్కల వెనక అంచున ఉండే పలకలు, అంటే ఫ్లాపులు దించాలి, అవి దిగాకే మొత్తం కరెంటును ఆపే మాస్టర్ స్విచ్ కట్టేయాలి. నాకు బాగా నచ్చింది ఈ వరుసే. ఫ్లాపులు దించేది కరెంటు మోటారు. మాస్టర్ ముందు కట్టేస్తే అవి ఎక్కడివక్కడే ఉండిపోతాయి, విమానం మరింత వేగంతో నేలను తాకుతుంది. రెండూ చేయాల్సిన పనులే, ముందువెనకలైతే ముప్పు. ఇక తలుపు గడియ గాల్లో ఉండగానే తీసిపెట్టుకోవాలి. దెబ్బకు చట్రం వంగితే తలుపు బిగుసుకుపోతుంది మరి.

అయితే కాగితం ఎంత గొప్పదైనా విమానం కాసేపు తేలాలి కదా. మన వైమానిక దళం శిక్షణ విమానం హెచ్‌పీటీ-32 దీపక్‌కు ఇంజిను ఆగితే తేలే గుణం తక్కువని పేరు. పైలట్‌ను బయటకు విసిరే ఎజెక్షన్ సీట్లూ లేవు. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయాక ఆ విమానాలన్నిటినీ నేలకు దించేశారు. 2013లో వాటి స్థానంలోకి ఎజెక్షన్ సీట్లున్న స్విట్జర్లాండ్ విమానం పిలాటస్ వచ్చింది.

ఇలాంటి జాబితాలు పైలట్లకు అలవాటైంది కూడా ఒక టేకాఫ్ ప్రమాదం తర్వాతే. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ కంపెనీ కొత్త బాంబర్ లేస్తూనే నిట్టనిలువుగా ఎగబాకి కూలింది. యంత్రంలో లోపమేమీ లేదు. ఆగి ఉన్నప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసే తాళం తీయడం మరిచారు. ఇద్దరు పోయారు. ఆరితేరిన పైలట్లకే ఆ గతి పట్టిందని, చేయాల్సిన పనులు కాగితం మీద పెట్టారు.

సెస్నా వాళ్లు ఇంకో అడుగు వేశారు. పాత 172లలో ఆ తాళం ఒక ఇనుప కడ్డీ, దానికో ఎర్ర రేకు. కడ్డీ దూరిస్తే ఆ రేకు సరిగ్గా ఇగ్నిషన్ స్విచ్చికి అడ్డం వస్తుంది. కాగితం చదవని పైలటైనా ముందు దాన్ని తీయాల్సిందే.